తుపాకీ లైసెన్సు: కోర్టు ఏం చూస్తుంది, ఏం చూడదు

ఈసారి ‘న్యాయ సలహా’ శీర్షికను ఆయుధ లైసెన్సుల ఉత్తరాలకే కేటాయించాం. రాసినవాళ్లు పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తాను. సీజన్‌లో రైతుల చెల్లింపులకు బ్యాంకు నుంచి నగదు తేవాల్సి వస్తుంది. పిస్టల్ లైసెన్సుకు దరఖాస్తు పెడితే ‘ప్రాణహాని ఉన్నట్టు ఆధారాలు లేవు’ అని ఒక్క ముక్కలో తిరస్కరించారు. ప్రాణం కాపాడుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కే కదా? హైకోర్టుకు వెళ్తే లైసెన్సు ఇప్పిస్తారా? (గుంటూరు)

జవాబు: ఇప్పించరు. కోర్టుకు వెళ్లేవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే. మీకు తుపాకీ అవసరమా కాదా అని హైకోర్టు తేల్చదు. అధికారి చట్టంలో ఉన్న కారణాలతోనే నిర్ణయం తీసుకున్నాడా, ఆ కారణాలు కాగితం మీద రాశాడా, మీరిచ్చిన ఆధారాలు చూశాడా అన్నదే పరిశీలిస్తుంది. అవి లేకపోతే ఆర్డరు కొట్టేసి, మళ్లీ పరిశీలించమని ఆయన దగ్గరికే పంపుతుంది.

మన రాజ్యాంగంలో ఆయుధం కలిగి ఉండే హక్కు లేదు. అది చట్టం ఇచ్చే అనుమతి మాత్రమేనని 1985లో కైలాస్ నాథ్ కేసులో అలహాబాద్ హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. 1993లో అదే కోర్టు మరో తీర్పులో ఆత్మరక్షణ ఆయుధం జీవించే హక్కునిచ్చే 21వ అధికరణ కిందికి వస్తుందని అంది కానీ, ఆ తీర్పును తర్వాత ఫుల్ బెంచ్ తోసిపుచ్చింది. 2023 ఫిబ్రవరిలో లైసెన్సు లేని తుపాకుల మీద సుప్రీంకోర్టు తనంతట తాను విచారణ మొదలుపెట్టినప్పుడు కూడా, అమెరికా రాజ్యాంగంలో ఉన్నలాంటి హక్కు మనకు లేదని స్పష్టంగా అంది. కాబట్టి పిటిషన్‌లో 21వ అధికరణ గురించి పేజీలకు పేజీలు రాయించకండి. మీ బలం 1959 ఆయుధాల చట్టంలోని 13, 14 సెక్షన్లలో ఉంది.

లైసెన్సు నిరాకరించడానికి ఏ కారణాలు చెల్లుతాయో సెక్షన్ 14లో ఉంటుంది: చట్టం ఆ వ్యక్తిని నిషేధించడం, మతిస్థిమితం లేకపోవడం, అనర్హత, ప్రజాశాంతికో భద్రతకో అవసరం కావడం లాంటివి. ఆస్తి తక్కువన్న ఒక్క కారణంతో నిరాకరించకూడదని 14(2) చెబుతుంది. కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలని, అడిగితే వాటి సారాంశం ఇవ్వాలని 14(3) చెబుతుంది. ఇస్తే ప్రజాప్రయోజనానికి భంగమనుకున్నప్పుడు మాత్రం ఆపవచ్చు. మీరు మొదట చేయాల్సింది ఈ 14(3) కింద కారణాల ప్రతి కోరుతూ దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకోవడం. సమాచార హక్కు దరఖాస్తుతో మొదలుపెట్టేవాళ్లకు నెలలు గడిచిపోతాయి. ఈలోగా అప్పీలు గడువు దాటుతుంది.

అప్పీలు సెక్షన్ 18 కింద, 30 రోజుల్లోపు. ఆలస్యమైతే సరైన కారణం చూపి మన్నించమని అడగవచ్చు. మీ వాదన వినకుండా అప్పీలు కొట్టేయడానికి వీల్లేదు. దీన్ని దాటి నేరుగా నేలపాడులోని హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తే, చాలా సందర్భాల్లో ‘ముందు అప్పీలుకు వెళ్లండి’ అని తిప్పి పంపుతారు. నేరుగా రిట్ పనికొచ్చే సందర్భం వేరు. దరఖాస్తు మీద ఏ నిర్ణయమూ చెప్పకుండా కూర్చున్నప్పుడు, ఫలానా గడువులోగా తేల్చమని కోర్టు ఆదేశిస్తుంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం స్టేషన్ నుంచి రిపోర్టు 30 రోజుల్లో వెళ్లాలి, అది అందిన 60 రోజుల్లో లైసెన్సింగ్ అధికారి తేల్చాలి. గుంటూరులో ఆ అధికారి జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్. విజయవాడ కమిషనరేట్ పరిధిలో అయితే పోలీస్ కమిషనర్.

ఇక అసలు లోపం మీ దరఖాస్తులోనే కనిపిస్తోంది. మీరు అడిగింది పిస్టల్. పిస్టల్‌కైనా రివాల్వర్‌కైనా ‘తగిన కారణం’ ఉందని అధికారికి నమ్మకం కలగాలి, సెక్షన్ 13(3)(బి). నున్నటి గొట్టం ఉన్న తుపాకీ, అంటే బ్యారెల్ 20 అంగుళాలకు తగ్గని 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) లాంటిది, ఆత్మరక్షణకు అడిగితే అది 13(3)(ఎ) కిందికి వస్తుంది. అక్కడ చట్టం వాడిన మాట ‘ఇవ్వాలి’. సెక్షన్ 14 అడ్డం రాకపోతే నిరాకరించడం కష్టం. అప్పీలులో బలంగా నిలబడేది ఈ రెండో రకమే. పిస్టలే కావాలంటే మాత్రం ‘వ్యాపారిని, భయంగా ఉంది’ అని రాస్తే సరిపోదు. యార్డు లైసెన్సు ప్రతి, సీజన్ నెలల బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నగదు విత్‌డ్రాయల్స్ గుర్తు పెట్టి, ఏ దారిన ఏ వేళలో తెస్తారో ఒక పేజీ, బెదిరింపో దోపిడీ యత్నమో జరిగి ఉంటే ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ జతచేయండి. జరిగినప్పుడు ఫిర్యాదు చేయకుండా ఊరుకుని, ఇప్పుడు అఫిడవిట్‌లో రాస్తే దానికి విలువ ఉండదు. 9 ఎంఎం, .303 లాంటి నిషిద్ధ బోర్లు అడగకండి, అవి జిల్లా స్థాయిలో ఇచ్చేవి కావు.

ప్రశ్న: మా నాన్నగారు ఈమధ్యే పోయారు. ఆయన పేరున ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ, కొన్ని తూటాలు బీరువాలోనే ఉన్నాయి. లైసెన్సు గడువు ఇంకా ఉంది కదా, అప్పటిదాకా ఉంచుకోవచ్చా? మా అన్నయ్యకు ఇప్పటికే సొంత లైసెన్సు మీద రెండు తుపాకులున్నాయి. (పటమట, విజయవాడ)

జవాబు: ఉంచుకోకూడదు. లైసెన్సు మీ నాన్నగారికి ఇచ్చింది, ఇంటికి ఇచ్చింది కాదు. ఆయన పోయాక ఆ తుపాకీ ఎవరి బీరువాలో ఉంటే వాళ్లు లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్నట్టే లెక్క. సెక్షన్ 25(1బి) కింద దానికి 2019 సవరణ తర్వాత రెండేళ్లకు తగ్గకుండా అయిదేళ్ల వరకు జైలు. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తట్టదు. నెలలు గడిచాక దాయాదుల్లో ఎవరో ఫిర్యాదు చేస్తేనో, పోలీసులే లైసెన్సుల లెక్క చూసుకుంటేనో బయటపడుతుంది.

రేపే మీ స్టేషన్‌కు ఒక లేఖ ఇవ్వండి: ఫలానా తేదీన నాన్నగారు మరణించారు, ఆయుధం సెక్షన్ 21 కింద డిపాజిట్ చేస్తాం అని. లేఖ ఇవ్వకుండా తుపాకీని గోనెసంచిలో చుట్టి బండి మీద తీసుకెళ్లొద్దు. దారిలో ఎవరైనా ఆపితే మీ దగ్గర చూపించడానికి కాగితం ఉండదు. స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయవచ్చు. తుపాకీ గొట్టాల్లో తూటా ఉందో లేదో తెలిసినవాళ్లతోనే చూపించండి. ట్రిగ్గర్ నొక్కి చూడటం లాంటివి ఇంట్లో ఎవరూ చేయొద్దు.

రసీదు దగ్గర తొందరపడకండి. చాలామంది ‘ఒక గన్ ముట్టినది’ అన్న రసీదు పట్టుకుని వచ్చేస్తారు. తయారీదారు పేరు, బోరు, బ్యారెల్ మీదా దాని కింద లోహపు భాగం మీదా చెక్కిన నంబరు, తూటాల సంఖ్య, అన్నీ రసీదులో ఉండాలి. ఆ నంబరును లైసెన్సు పుస్తకంలోని నంబరుతో అక్కడే సరిపోల్చండి. పాత లైసెన్సుల్లో చేతిరాత వల్ల 1 కాస్తా 7 అయిపోయి ఉంటుంది. తేడా ఉంటే అప్పుడే రాతపూర్వకంగా చెప్పండి. బదిలీ దశలో బయటపడితే మీ దగ్గరున్నది ఇంకో తుపాకీ అన్న అనుమానం మొదలవుతుంది.

తర్వాత వారసుల్లో ఒకరు 2016 నియమాల్లోని 25వ నియమం కింద లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే వారసుల సర్టిఫికెట్, మిగతా వారసుల నిరభ్యంతర అఫిడవిట్లు, నాన్నగారి అసలు లైసెన్సు జతచేయాలి. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. మీ అన్నయ్యకు కుదరదు. 2019 డిసెంబర్ 14 నుంచి ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి, అంతకుముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినదైనా ఆ రెండింటిలోకే లెక్క. మీరో అమ్మగారో పెట్టుకోవచ్చు. ఎవరికీ వద్దనుకుంటే డీలరు ద్వారా లైసెన్సు ఉన్నవాళ్లకు అమ్మేయవచ్చు. డిపాజిట్ చేసి పట్టించుకోకుండా వదిలేస్తే, గడువు తర్వాత ప్రభుత్వపరం అవుతుంది.

ఇది చదివే పెద్దవాళ్లకు ఒక మాట. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ తీసుకుని 25 ఏళ్లు దాటినా, ఏది ముందైతే అప్పుడు, తాను బతికుండగానే వారసుల్లో ఒకరి పేరు సూచించి బదిలీ కోరవచ్చు. అలా చేస్తే పైన చెప్పిన గొడవ సగానికి సగం తప్పుతుంది.

ప్రశ్న: ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్ నుంచి ఫోన్ చేసి ‘తుపాకీ తెచ్చి ఇచ్చేయండి’ అంటారు. నా మీద ఏ కేసూ లేదు. ఇవ్వడం తప్పనిసరా? పైగా పొలం గట్టు తగాదాలో ఈమధ్య తహసీల్దార్ దగ్గర బైండోవర్ చేయించారు. దానికీ లైసెన్సుకూ సంబంధం ఉందా? (తెనాలి)

జవాబు: మీ రెండో ప్రశ్నే ముఖ్యమైనది, దాన్నే ముందు చూద్దాం. సంబంధం ఉంది. శాంతిభద్రతల కోసం గానీ సత్ప్రవర్తన కోసం గానీ బాండ్ రాసి ఇవ్వమని ఆర్డరు అయినవాళ్లు, ఆ బాండ్ గడువు ఉన్నంతకాలం తుపాకీ కలిగి ఉండకూడదని సెక్షన్ 9 చెబుతుంది. అలాంటి ఆర్డర్లకు పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 107, 110 సెక్షన్లు, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 126, 129. మన దగ్గర తగాదా పడ్డ రెండు వర్గాలనూ పిలిచి సంతకాలు పెట్టించడం మామూలైపోయింది. ‘ఆరు నెలల కాగితమే కదా’ అని అందరూ పెట్టేస్తారు. లైసెన్సు ఉన్నవాళ్లు అలా పెట్టకూడదు. నోటీసు వస్తే జవాబు ఇచ్చి, విచారణ జరపమని అడగండి. ఇప్పటికే సంతకం పెట్టారు కాబట్టి ఆ కాగితం ప్రతి తీసుకుని చూడండి. విచారణ తర్వాత ఇచ్చిన ఆర్డరా, లేక ఉత్త హామీపత్రమా? ఆర్డరు అయితే తుపాకీని వెంటనే డిపాజిట్ చేయండి. గడువు తీరాక తిరిగి అడగవచ్చు.

ఇక ఎన్నికల డిపాజిట్. ఎన్నికల సంఘం సూచనల్లో అందరూ తెచ్చి ఇవ్వాలని లేదు. జిల్లా స్థాయి స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్క లైసెన్సునూ పరిశీలించి, బెయిలు మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, గతంలో అల్లర్లలో, ముఖ్యంగా ఎన్నికల గొడవల్లో ఉన్నవాళ్లు లాంటివారి నుంచి తీసుకోవాలి. 2024 మార్చిలో అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచ్ ఇదే చెప్పింది. గంపగుత్తగా అందరి ఆయుధాలూ తెప్పించుకోవడం కుదరదు, ఎవరి నుంచి ఎందుకో కారణం రాయాలి అని. ఆ తీర్పు మన హైకోర్టును కట్టడి చేయదు గానీ, ఇక్కడ చూపించుకోవడానికి మంచి ఆధారం.

అయినా స్టేషన్‌లో వాదనకు దిగొద్దని మా సలహా. రాతపూర్వక ఆర్డరు ఇవ్వమని మర్యాదగా ఒక లేఖ ఇవ్వండి. ఇంటి కాపలాకు వేరే దారి లేకపోతే ఆ సంగతి కమిటీకి రాయండి. మినహాయింపు ఇచ్చే అధికారం వాళ్లకుంది. బ్యాంకు గార్డులకు, షూటింగ్ క్రీడాకారులకు ఇస్తూనే ఉన్నారు. బాండ్ ఆర్డరు అమల్లో ఉంటే మాత్రం మీకు ఈ దఫా ఈ వాదన నిలవదు.

ప్రశ్న: నా మీద సివిల్ గొడవ నుంచి పుట్టిన క్రిమినల్ కేసు ఒకటి నడుస్తోంది. లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. (మంగళగిరి)

జవాబు: కేసు ఉన్నంత మాత్రాన రద్దు చేయడానికి వీల్లేదని హైకోర్టులు పలుమార్లు చెప్పాయి. సెక్షన్ 17(3) ప్రకారం మీ దగ్గర తుపాకీ ఉండటం ప్రజాశాంతికి, భద్రతకు ముప్పు అని ఆర్డరులో కారణాలతో తేల్చాలి. జవాబులో మూడు సంగతులు సూటిగా రాయండి: ఆ కేసులో తుపాకీ ప్రస్తావన లేదు, లైసెన్సు షరతు ఏదీ మీరలేదు, ఇన్నేళ్లలో ఆయుధం మీద ఫిర్యాదు రాలేదు. చార్జిషీటు ప్రతి జతచేయండి. తుపాకీ చూపించి బెదిరించినట్టు ఫిర్యాదులో ఉంటే మాత్రం ఈ దారి పనిచేయదు. నోటీసుకు జవాబే ఇవ్వకపోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అప్పీలులో మీ పక్షాన మాట్లాడటానికి ఫైల్లో ఏమీ మిగలదు. ఇంకొకటి, అప్పీలు వేసినంత మాత్రాన రద్దు ఆర్డరు ఆగదు, స్టే విడిగా అడగాలి.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో హెచ్-1బీ మీద ఉన్నాడు. అక్కడ తుపాకీ రాజ్యాంగ హక్కు అంటున్నారు, స్నేహితులు కొనుక్కున్నారట, తనూ కొంటానంటున్నాడు. కొనవచ్చా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: వద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మన జిల్లాల నుంచి అక్కడికి వెళ్లిన పిల్లల్లో చాలామందికి తెలియని సంగతి ఇది. అమెరికా ఫెడరల్ చట్టం, టైటిల్ 18లోని సెక్షన్ 922(జి)(5), తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని నేరం చేసింది. ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4 అన్నీ దీని కిందికి వస్తాయి. 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఆయుధ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదే చాలు. టెక్సాస్ రాష్ట్రం ఎంత ఉదారంగా ఉన్నా ఫెడరల్ చట్టం పోదు. స్నేహితులకు గ్రీన్ కార్డు ఉండి ఉంటే వాళ్ల సంగతి వేరు, ఈ నిషేధం వాళ్లకు లేదు.

దుకాణంలో నింపే 4473 ఫారంలో తాత్కాలిక వీసా గురించి నేరుగా అడుగుతారు. అక్కడ అబద్ధం టిక్ పెడితే అది ఇంకో నేరం. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉన్నమాట నిజమే. ఆ లైసెన్సు గడువు తీరిన మర్నాటి నుంచి మళ్లీ నిషేధమే. ఇమిగ్రేషన్, ఆయుధ చట్టాలు రెండూ తెలిసిన అక్కడి లాయరు రాసి ఇవ్వకుండా ఆ మినహాయింపును నమ్ముకోవద్దు. షూటింగ్ రేంజిలో అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా ‘కలిగి ఉండటమే’ అవుతుంది. రూమ్మేట్‌కు తుపాకీ ఉంటే అది తాళం వేసిన పెట్టెలో ఉండాలి, ఆ తాళం మీ అబ్బాయికి అందకూడదు.

మరి రాజ్యాంగ హక్కు మాటేమిటి? 1791 నాటి రెండో సవరణ అది. అది వ్యక్తిగత హక్కేనని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది 2008లో, హెల్లర్ కేసులో, 5-4 తేడాతో. ఇంట్లో చేతితుపాకీ ఉంచుకోకుండా వాషింగ్టన్ నగరం పెట్టిన నిషేధాన్ని కొట్టేసింది. 2010లో మెక్‌డొనాల్డ్ కేసుతో రాష్ట్రాలకూ వర్తించింది. 2022లో బ్రూయెన్ కేసులో, తుపాకీ వెంట తీసుకెళ్లడానికి ‘తగిన కారణం’ చూపాలన్న న్యూయార్క్ చట్టాన్ని 6-3తో కొట్టేసింది. గమనించండి, మిర్చి వ్యాపారి పిస్టల్‌కు మన చట్టం అడిగేది సరిగ్గా అదే. ఇక్కడ కారణం చూపాల్సింది పౌరుడు. అక్కడ ఆంక్ష ఎందుకో, చరిత్రలో అలాంటి ఆంక్షలు ఉన్నాయో చూపాల్సింది ప్రభుత్వం. అయినా ఆ హక్కుకు హద్దుల్లేవని ఆ కోర్టు ఎన్నడూ అనలేదు. 2024లో రహీమీ కేసులో, గృహహింస నిరోధక ఆర్డరు ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టాన్ని 8-1తో నిలబెట్టింది.

ప్రశ్న: గన్నవరం విమానాశ్రయంలో మా బావగారి సంచిలో పాత తూటా ఒకటి దొరికింది. ఆ సంచి మా మామగారిది, ఆయనకు లైసెన్సు ఉంది. కేసు నిలుస్తుందా? (గుడివాడ)

జవాబు: తూటా ఒక్కటైనా చట్టం వర్తిస్తుంది. అయితే అది తన దగ్గర ఉందన్న ఎరుక ఉండాలని 1972లో గుణ్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఎరుక లేదని కాగితాలతో చూపగలిగితే ఎఫ్ఐఆర్ కొట్టేయమని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 528 కింద హైకోర్టును అడగవచ్చు. విమానాశ్రయాల్లో ఇలా దొరికిన కేసులు ఢిల్లీ హైకోర్టు చాలానే కొట్టేసింది. మామగారి లైసెన్సు ప్రతి, ఆయన తూటాలు కొన్న డీలరు బిల్లు, దొరికినదీ బిల్లులోవీ ఒకే బోరు అని చూపడం, సంచి ఆయనదేనన్న అఫిడవిట్, తుపాకీ ఏదీ దొరకలేదన్న పంచనామా, ఇవి ముఖ్యం. బోర్లు కలవకపోతే కథ అడ్డం తిరుగుతుంది కాబట్టి అఫిడవిట్ వేసేముందే సరిచూడండి. మొదటి వాంగ్మూలంలో ‘నాకు తెలియదు’ అని, తర్వాత ‘మర్చిపోయాను’ అని మాట మార్చినవాళ్ల కేసులు చెడిపోతాయి. ఆయుధాల చట్టం సెక్షన్ 39 కింద ప్రాసిక్యూషన్‌కు జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉందో లేదో మీ లాయరుతో చూపించండి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరం కాబట్టి అరెస్టు తప్పనిసరి కాదు. నోటీసు ఇస్తే ఆ తేదీకి తప్పక హాజరు కావాలి.

ప్రశ్న: అడవిపందులు మొక్కజొన్న తొక్కేస్తున్నాయి. నాటు తుపాకీ పెట్టుకోవచ్చా? (మాచర్ల నుంచి గుంటూరులో ఉంటున్న రైతు)

జవాబు: లైసెన్సు లేని నాటు తుపాకీ అయితే వద్దు. పంట కాపలాకు మందు కూరి పేల్చే తుపాకీకి 13(3)(ఎ) కిందే లైసెన్సు దొరుకుతుంది. పాస్‌బుక్, అడంగల్, పంట నష్టం ఫొటోలతో అడగండి. మీ వైపు ఇంకో మెలిక ఉంది. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్సుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి కావాలి. పొలం ఎంత దూరంలో ఉందో అటవీశాఖ నుంచి ముందే రాయించుకోండి. లైసెన్సు ఉంటే బెదిరించడానికి పేల్చవచ్చు గానీ, పందిని చంపడానికి వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద విడిగా అనుమతి ఉండాలి. నాటు బాంబులు పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, వాటికి బలయ్యేది ఎక్కువగా గేదెలూ కూలీల పిల్లలూ.

ప్రశ్న: మా వాడికి పదిహేనేళ్లు, షూటింగ్ నేర్చుకుంటానంటున్నాడు. ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు కావాలా? (బెంజి సర్కిల్, విజయవాడ)

జవాబు: 4.5 మిల్లీమీటర్ల బోరుకు, 20 జౌల్స్ శక్తికి మించకపోతే అక్కర్లేదు. 10 మీటర్ల పోటీలకు వాడేది ఆ రకమే. ఆన్‌లైన్‌లో దొరికే కొన్ని రకాలు ఈ హద్దు దాటుతాయి. బోరు, జౌల్స్ రెండూ బిల్లు మీద రాయించుకోండి, ఆ బిల్లును రైఫిల్ పెట్టెలోనే ఉంచండి. డాబా మీద పావురాల మీదా కోతుల మీదా గురి చూడనివ్వొద్దు, జంతుహింస కేసు అవుతుంది. ఇంట్లో సాధన చేస్తే లక్ష్యం వెనక గుండు ఆగే ఇనుప పెట్టె, కళ్లకు అద్దాలు ఉండాలి.